షెంగెన్ గుమ్మంలో పోలీసు కౌంటర్, కస్టమ్స్ గేటు: చిక్కు లేకుండా దాటడం ఎలా?

ఎండాకాలం సెలవులకు ముందు ఒకసారి, సెప్టెంబర్‌లో కొత్త స్టూడెంట్లు బయల్దేరేటప్పుడు ఇంకోసారి, నా ఫోన్‌కు ఇవే ప్రశ్నలు వస్తాయి. "అన్నా, అమ్మానాన్న మొదటిసారి జర్మనీ వస్తున్నారు, ఇంగ్లిష్ రాదు, ఎయిర్‌పోర్ట్‌లో ఆపేస్తారా?" "నెయ్యి తెచ్చుకోవచ్చా?" "పోయిందని కంప్లయింట్ ఇచ్చిన పాస్‌పోర్ట్ బీరువాలో దొరికింది, వీసా అందులోనే ఉంది, దాంతో వచ్చేయనా?" ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లకు విడిగా చెబుతూ వచ్చాను. ఈ మూడో పని నిజంగానే చేసి ఒకతను సరిహద్దులో ఇరుక్కున్నాక, అన్నీ ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

సిద్ధాంతం ఎక్కువ చెప్పను, ఇంత తెలిస్తే చాలు. షెంగెన్ అంటే 29 దేశాలకు కలిపి ఒకే ప్రహరీ గోడ. లోపల గదుల మధ్య తలుపులు తీసేశారు కాబట్టి వీధి గుమ్మం దగ్గర తనిఖీ గట్టిగా ఉంటుంది. ఆ గుమ్మంలో మీకు ఇద్దరు ఎదురవుతారు. మొదటివాళ్లు సరిహద్దు పోలీసులు: జర్మనీలో బుండెస్‌పోలిట్సై, పోలండ్‌లో స్ట్రాష్ గ్రానిచ్నా, నెదర్లాండ్స్‌లో మారెషోసే. వీళ్లు మనిషిని చూస్తారు. రెండోవాళ్లు కస్టమ్స్: జర్మనీలో త్సోల్, ఫ్రాన్స్‌లో డువాన్. వీళ్లు సామాను, డబ్బు చూస్తారు. శాఖలు వేరు, యూనిఫాంలు వేరు, కానీ ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు అనుకోకండి. షెంగెన్ సమాచార వ్యవస్థ, అంటే ఎస్ఐఎస్, 1995 నుంచి నడుస్తోంది. స్పెయిన్‌లో మీమీద రాసినది పోలండ్ కౌంటర్‌లో కనిపిస్తుంది, కస్టమ్స్ వాళ్లకూ తమ తనిఖీల కోసం అందులో వెతికే హక్కు ఉంది. అనుమానం వస్తే మాట్లాడుకోవడానికి ప్రతి దేశంలోనూ సిరెనే అనే ఆఫీసు రాత్రీపగలూ పనిచేస్తుంది.

కాబట్టి మీరు చేయాల్సిన పని ఒక్కటే: మీ గురించి రికార్డుల్లో ఉన్నది, మీ చేతిలో ఉన్న కాగితం, మీ నోటితో చెప్పేది, ఈ మూడూ ఒకటే అయ్యేలా చూసుకోవడం. కింద ఉన్న స్టెప్పులన్నీ దానికోసమే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

పాస్‌పోర్ట్: గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, మీరు షెంగెన్ వదిలి వెళ్లే రోజు తర్వాత కూడా కనీసం 3 నెలలు చెల్లాలి. వీసా లేదా రెసిడెన్స్ కార్డు. రిటర్న్ టికెట్. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. ఉండబోయే ఇంటి అడ్రస్, హోటలైతే బుకింగ్, పిల్లల ఇల్లయితే ఆహ్వాన పత్రం (జర్మనీకి వచ్చే తల్లిదండ్రులకు పిల్లలు ఇక్కడి ఆఫీసులో సంతకం పెట్టి ఇచ్చే పూచీ కాగితం ఉంటే దాని కాపీ). మందులుంటే డాక్టర్ చీటీ. ఇవన్నీ చేతి సంచిలో ఉండాలి. లగేజీ పెట్టెలో పెట్టి చెకిన్ చేసేస్తే కౌంటర్ దగ్గర అడిగినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. ఫోన్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోకండి, పది గంటల ప్రయాణం తర్వాత చార్జింగ్ ఉండదు.

1. నెల ముందే పేరు, పాస్‌పోర్ట్ సరిచూసుకోండి

మన పేర్లతో వచ్చే చిక్కు అక్కడి ఆఫీసర్‌కు అర్థం కాదు, మనమే ముందు సర్దుకోవాలి. ఇంటిపేరు ఒక కాగితంలో పొడిగా, ఇంకో కాగితంలో ఒక్క అక్షరంగా ఉంటుంది, కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడే ఖాళీ. మా ఊరి కుర్రాడొకడు అలాగే వచ్చాడు. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో ఉంది, టికెట్‌లో ట్రావెల్ ఏజెంట్ అదే పేరును రెండుసార్లు కొట్టాడు, యూనివర్సిటీ లెటర్‌లో తండ్రి పేరు ఇంటిపేరుగా వచ్చింది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు. పక్క గదిలో గంటన్నర కూర్చోబెట్టి, వేలిముద్రలు సరిపోయాక వదిలారు. తప్పు చేసినవాడు కాదు, అయినా గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేంతగా చేతులు వణుకుతున్నాయని తర్వాత నాకు చెప్పాడు.

అందుకని వీసా, టికెట్, ఇన్సూరెన్స్, ఆహ్వాన పత్రం నాలుగూ పాస్‌పోర్ట్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. పుట్టినరోజు కూడా. తేడా ఉంటే బయల్దేరక ముందే టికెట్ మార్పించండి. వీసా మీద తప్పుంటే ఎంబసీ సెంటర్‌కు వెంటనే చెప్పండి, "చిన్న తప్పేగా" అని వదిలేయకండి.

ఇప్పుడు ఆ బీరువా పాస్‌పోర్ట్ సంగతి. పోయిందని ఒకసారి రాసి ఇచ్చాక ఆ పుస్తకం చచ్చినట్టే. ఇండియాలో దాన్ని రద్దు చేస్తారు, పోయిన పాస్‌పోర్ట్‌ల నంబర్లు ఇంటర్‌పోల్ డేటాబేస్‌కు చేరతాయి, యూరప్‌లో కంప్లయింట్ ఇచ్చి ఉంటే ఎస్ఐఎస్‌లోకి కూడా వెళ్తుంది. తర్వాత అది మీకే దొరికినా, మీ ఫొటోనే ఉన్నా, కౌంటర్‌లో స్కాన్ చేయగానే దొంగిలించిన పత్రం అనే వస్తుంది. స్వాధీనం చేసుకుని, మీరెవరో తేలేదాకా పోలీసు ప్రశ్నలన్నీ అడుగుతారు. దొరికిన పాతది పాస్‌పోర్ట్ ఆఫీసులో అప్పగించి, కొత్తది తీసుకుని, వీసా మళ్లీ వేయించుకోవడం ఒక్కటే దారి. టికెట్ డబ్బు పోయినా సరే.

2. రోజులు లెక్కపెట్టండి, ఎంట్రీలు లెక్కపెట్టండి

షార్ట్ స్టే వీసాకు నియమం ఏ 180 రోజులు తీసుకున్నా వాటిలో 90 రోజులే. చాలామంది జనవరి నుంచి జూన్ దాకా ఒక 180, జూలై నుంచి ఇంకోటి అనుకుంటారు. కాదు. మీరు అక్కడ ఉన్న ప్రతి రోజూ వెనక్కి 180 రోజులు చూసి లెక్కపెడతారు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. యూరోపియన్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇందుకోసం కాలిక్యులేటర్ ఉంది, పాత ప్రయాణాల తేదీలు వేసి చూసుకోండి. రెసిడెన్స్ కార్డు మీద, లాంగ్ స్టే వీసా మీద ఉన్న రోజులు ఇందులో కలపరు. వీసా మీద ఇచ్చిన రోజులు 90 కంటే తక్కువుంటే మీకు అంతే, దాన్ని దాటకూడదు.

ఎక్కువమంది పడే గొయ్యి ఇది: సింగిల్ ఎంట్రీ వీసా మీద వచ్చి, మధ్యలో నాలుగు రోజులు లండన్ చూసొద్దాం అని వెళ్తారు. లండన్ షెంగెన్ కాదు. వెళ్లగానే మీ ఎంట్రీ అయిపోయింది, వెనక్కి రానివ్వరు. ఐర్లండ్, సైప్రస్ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో ఉన్నాయి గానీ షెంగెన్‌లో లేవు. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. బల్గేరియా, రొమేనియా విమానాలకు 2024 మార్చి 31 నుంచి, రోడ్డు సరిహద్దులకు 2025 జనవరి 1 నుంచి లోపలివే, పాత బ్లాగులు చూసి మోసపోకండి.

జర్మనీలో ఉన్న స్టూడెంట్లకు ప్రత్యేకంగా ఒక మాట. కార్డు గడువైపోయి, రెన్యువల్‌కు ఇచ్చి, మధ్యలో ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం పట్టుకుని అక్క పెళ్లికి ఇండియా వెళ్లిపోతారు. ఆ కాగితంలో ఏ సెక్షన్ దగ్గర టిక్ ఉందో చూశాకే టికెట్ కొనండి. 81వ సెక్షన్ 4వ క్లాజు దగ్గర ఉంటే పాత కార్డు, పాస్‌పోర్ట్‌తో కలిపి చూపించి తిరిగి రావచ్చు. 3వ క్లాజు అయితే మళ్లీ లోపలికి రావడానికి అది పనికిరాదు. ఇండియాలో విమానం ఎక్కేటప్పుడే ఎయిర్‌లైన్ వాళ్లు ఆపేస్తారు, అప్పుడు వీసా మొదటినుంచి.

3. అమ్మానాన్నల కోసం ఒక పేజీ రాసి ఇవ్వండి

ఇంగ్లిష్ రాకపోవడం నేరం కాదు, వాళ్లకు తెలుగు మాత్రమే వచ్చు అంటే వెనక్కి పంపరు. కానీ ఆఫీసర్ అడిగేది ఏమిటో తెలియక నాన్న తల ఊపుతూ పోతే చిక్కే. మనం అవునని ఊపే తల వాళ్లకు కాదన్నట్టు కనిపిస్తుంది. అందుకని ఒక్క పేజీ ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఇవ్వండి: ఎవరి దగ్గరికి, ఎందుకు, ఏ అడ్రస్, ఎన్ని రోజులు, తిరుగు ప్రయాణం తేదీ, ఖర్చు ఎవరిది, మీ ఫోన్ నంబర్. చివర్లో ఈ పెద్దవాళ్లు తెలుగు మాట్లాడతారు అని ఒక వాక్యం. కింద అదే తెలుగులో రాయండి, ఏం చూపిస్తున్నారో వాళ్లకూ తెలియాలి కదా. వాళ్లను బట్టీ పట్టించకండి. బట్టీ పట్టిన జవాబు మధ్యలో ఆగిపోతే ఉన్న భయం రెట్టింపవుతుంది.

ఆ రోజు మీ ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి. ఆఫీసర్ నిజంగానే ఫోన్ చేస్తాడు.

4. పెట్టె సర్దేటప్పుడు

ఇక్కడే కొంచెం ఆగుతాను, ఎందుకంటే వచ్చే మెసేజ్‌లలో సగం దీని గురించే.

మాంసం, పాలు, వాటితో చేసినవి ఈయూ బయటి దేశాల నుంచి తేకూడదు. కిలో కాదు, పావుకిలో కూడా కాదు. అంటే మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, నెయ్యి, పనీర్, కోవా, పాలపొడి, పెరుగు మిరపకాయలు, అన్నీ వద్దు. పసిపిల్లల పాలపొడికి మాత్రం సీలు తీయని కంపెనీ డబ్బా 2 కిలోల దాకా మినహాయింపు ఉంది. నేతి మిఠాయిల గురించి అడుగుతారు, కోవా ఉన్నవి తేవద్దనే నేను చెబుతాను. ఈ నియమం పశువుల జబ్బులు సరిహద్దు దాటకుండా పెట్టినది. గాలికుంటు వ్యాధి మన పల్లెల్లో పశువులకు వస్తూనే ఉంటుంది కదా, అది ఇక్కడి మందల్లోకి పాకితే రైతులు మునిగిపోతారు. అది తెలిశాక నాకు కోపం పోయింది.

నేను మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ స్టీలు డబ్బాలో నెయ్యి పోసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అద్ది, పైన పాత చీర ముక్క కట్టి, నాకు చెప్పకుండా దుప్పటి మడతలో పెట్టింది. ఎక్స్‌రేలో గుండ్రంగా కనిపించింది. ఆఫీసర్ చాలా నెమ్మదిగా ఆ ముడి విప్పాడు, పిండి గోకి మూత తీశాడు, వాసన చూసి, అక్కడే ఉన్న డ్రమ్ములో వంచేసి, ఖాళీ డబ్బా తుడిచి నా చేతికిచ్చాడు. ఆ డబ్బా ఇప్పటికీ నా వంటింట్లో ఉంది. అందుకని మొదటి జాగ్రత్త: పెట్టె మీరే సర్దండి, లేదా సర్దినవాళ్లను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడగండి. "నాకు తెలియదు, అమ్మ పెట్టింది" అనేది అక్కడ జవాబు కాదు.

చేపలకు లెక్క వేరు. సొంతానికి 20 కిలోల దాకా తేవచ్చు, ఎండు చేపలు, ఎండు రొయ్యలు అందులోకే వస్తాయి. తేనె 2 కిలోలు.

పచ్చివాటి సంగతి ఇంకా ముఖ్యం. 2019 డిసెంబర్ 14 నుంచి తాజా పండ్లు, కూరగాయలు, ఆకులు, మొక్కలకు వ్యవసాయ శాఖ ఇచ్చే మొక్కల ఆరోగ్య పత్రం ఉండాలి. ఐదింటికే మినహాయింపు: కొబ్బరికాయ, అరటి, అనాస, ఖర్జూరం, డురియన్. కాబట్టి బంగినపల్లి మామిడి, పచ్చి కరివేపాకు, మునక్కాయలు, తమలపాకులు వద్దు. బాల్కనీలో వేసుకుందామని గోంగూర విత్తనాలు పొట్లం కట్టుకొస్తారు, నాటే విత్తనాలకూ ఆ పత్రం కావాలి.

ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారం, పసుపు, చింతపండు, ఇవి నిశ్చింతగా తెచ్చుకోండి. నూనె కారకుండా రెండు కవర్లు కట్టి లగేజీలో వేయండి, చేతి సంచిలో పెడితే పచ్చడిని ద్రవంగా చూసి భద్రతా తనిఖీలోనే తీసేస్తారు. డబ్బా మీద ఏమిటో ఇంగ్లిష్‌లో ఒక చీటీ అంటించండి. తెలియని ఎర్రటి ముద్ద కంటే పేరు రాసిన మామిడికాయ పచ్చడి తొందరగా బయటపడుతుంది.

5. డబ్బు, బంగారం

ఒక్కో మనిషి దగ్గర 10,000 యూరోలు, లేదా అంతకు మించి నగదు ఉంటే రాసి ఇవ్వాలి. తేవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. చాలామంది 10,000 దాటితేనే అనుకుంటారు, సరిగ్గా 10,000 ఉన్నా చెప్పాలి. యూరోలు, డాలర్లు, రూపాయలు అన్నీ కలిపి లెక్క. 2021 జూన్ 3 నుంచి అమలైన రూల్ ప్రకారం ట్రావెలర్స్ చెక్కులే కాదు, కనీసం 99.5 శాతం స్వచ్ఛత ఉన్న బంగారు బిస్కట్లు, కనీసం 90 శాతం బంగారమున్న నాణేలు కూడా నగదు కిందే వస్తాయి. కాసుల పేరు నగ కిందికే వస్తుంది, లక్ష్మీదేవి బొమ్మ ఉన్న 24 క్యారెట్ల కాయిన్ మాత్రం నగదు లెక్క.

మీరిచ్చిన ఫారం ఆ కౌంటర్ దగ్గరే ఆగదు. కస్టమ్స్ దాన్ని ఆర్థిక నిఘా విభాగానికి పంపుతుంది, మిగతా దేశాలకూ వెళ్లొచ్చు. కాబట్టి డబ్బు ఎక్కడిదో చూపే బ్యాంకు కాగితం జత చేయండి, ముద్ర వేసిన కాపీ తీసుకోకుండా కదలకండి.

నగలకు వస్తే, చూడటానికి వచ్చిన అమ్మ ఒంటిమీద వేసుకుని మళ్లీ తీసుకెళ్లే గాజులు, గొలుసు ఆమె సొంత వస్తువులే. వెళ్లేటప్పుడు ఇండియా కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే తిరిగి వచ్చాక అక్కడా ఇబ్బంది ఉండదు. కానీ ఇక్కడ నివాసముండే మీరు, పెళ్లికి వెళ్లి కొన్న నెక్లెస్ మెడలో వేసుకొస్తే అది దిగుమతి. విమానంలో వచ్చేవాళ్లకు పన్ను లేని పరిమితి 430 యూరోలు, రోడ్డు మీద 300. ఒకే వస్తువు విలువను భార్యాభర్తలు పంచుకుని చెప్పడానికి వీల్లేదు. ఇక్కడి నుంచే తీసుకెళ్లిన పాత నగలైతే, వెళ్లేముందు కస్టమ్స్‌కు చూపించి కాగితం రాయించుకోండి, లేదా కనీసం బిల్లులు, ఫొటోలు ఉంచుకోండి.

6. పోలీసు కౌంటర్ దగ్గర

ఏ షెంగెన్ ఎయిర్‌పోర్ట్‌లో మొదట దిగితే అక్కడే పాస్‌పోర్ట్ చూస్తారు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ప్రాగ్ వెళ్తుంటే తనిఖీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే, ప్రాగ్‌లో ఉండదు. మధ్యలో గంట మాత్రమే టైం ఉన్న టికెట్ కొనకండి, ముఖ్యంగా ఇప్పుడు.

ఎందుకంటే ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్, ఈఈఎస్, 2025 అక్టోబర్ 12న దశలవారీగా మొదలైంది, పూర్తి అమలుకు పెట్టుకున్న తేదీ 2026 ఏప్రిల్ 10. ముద్ర బదులు కంప్యూటర్‌లో నమోదు. షార్ట్ స్టే వీసా మీద వచ్చే మన వాళ్లకు ముఖం ఫొటో తీస్తారు, వేలిముద్రలు వీసా ఇచ్చినప్పటివే కాబట్టి వాటితో పోల్చి చూస్తారు. 12 ఏళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు. రెసిడెన్స్ కార్డు ఉన్నవాళ్లకు, లాంగ్ స్టే వీసా వాళ్లకు ఈఈఎస్ వర్తించదు. ఆ క్యూలో నిలబడి అరగంట పోగొట్టుకున్నాక "మీరు ఇటు కాదు" అనిపించుకోకుండా, కార్డు చేత్తో పట్టుకుని ముందే అడగండి.

పెద్దవాళ్లకు చెప్పండి: మెహందీ ముదురుగా పెట్టుకుని రావద్దు, పొలం పని చేసిన చేతులైతే వారం ముందు నుంచి కొబ్బరినూనె రాయమనండి. అరిగిన వేళ్లు మెషిన్‌కు సరిగ్గా అందవు, నాలుగైదుసార్లు పెట్టిస్తారు, ఆ కాస్తకే కంగారు పడిపోతారు.

అడిగినదానికి మాత్రమే, నిజం చెప్పండి. అమ్మాయిని చూడటానికని వీసా తీసుకుని, కౌంటర్ దగ్గర టూరిజం అనడం మన వాళ్లు ఎక్కువగా చేసే తప్పు. వీసా ఫారంలో ఏం రాశారో అక్కడ స్క్రీన్ మీద ఉంటుంది. వీసా ఫ్రాన్స్‌ది, వస్తున్నది జర్మనీకి అయితే కారణం అడుగుతారు. వీసా ఇచ్చిన దేశంలోనే ఎక్కువ రోజులు ఉండాలన్నది నియమం, ప్లాన్ మారితే చూపించడానికి కాగితం ఉండాలి.

7. పక్క గదికి రమ్మంటే

అరెస్టు కాదు. రెండో విడత తనిఖీ అంటారు. పేరు ఇంకొకరితో కలిసినా, కాగితం అర్థం కాకపోయినా పిలుస్తారు. మన రాష్ట్రాల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, దగ్గర దగ్గర పుట్టినరోజులు ఉన్నవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. ఎందుకు పిలిచారో, ఎలా చేస్తారో రాతపూర్వకంగా, మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలని షెంగెన్ సరిహద్దు నియమావళిలోనే ఉంది. వసతి ఉన్నచోట, మీరు అడిగితే అందరి ఎదుటా కాకుండా విడిగా చూస్తారు. మర్యాదగా అడగండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి, దుబాసీ కావాలని చెప్పండి. గొంతు పెంచడం, అక్కడ ఫోన్‌తో వీడియో తీయడం, రెండూ వద్దు.

ఒకవేళ ప్రవేశం నిరాకరిస్తే ఒక ఫారం ఇస్తారు, 29 దేశాల్లోనూ ఒకే నమూనా. అందులో ఇంగ్లిష్ అక్షరాలతో కారణాలుంటాయి. E అక్షరం దగ్గర టిక్ ఉంటే ఎందుకు వచ్చారో చూపే కాగితాలు లేవని, G అంటే ఖర్చులకు డబ్బు చాలదని, H అంటే లోపలికి రానివ్వొద్దని మీమీద అలర్ట్ ఉందని. కాపీ తప్పకుండా తీసుకోండి. అప్పీలు హక్కు ఉంది, కానీ అప్పీలు వేసినంతమాత్రాన లోపలికి రానివ్వరు, తిరుగు విమానం ఎక్కాల్సిందే. ఏ అక్షరమో తెలియకుండా మళ్లీ వీసాకు వెళ్లడం చీకట్లో నడిచినట్టు.

8. ఎరుపు, ఆకుపచ్చ

సామాను తీసుకున్నాక రెండు దారులుంటాయి. చెప్పాల్సింది ఏమీ లేకపోతే ఆకుపచ్చ, ఉంటే ఎరుపు. అనుమానంగా ఉంటే ఎరుపులోకే వెళ్లి అడగండి. ఆకుపచ్చలోకి అడుగుపెట్టడమే "నా దగ్గర ఏమీ లేదు" అని చెప్పినట్టు, పట్టుకున్నాక "చెబుదామనుకున్నాను" అంటే చెల్లదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. కనెక్టింగ్ ఫ్లైట్‌లో వస్తే చేతి సంచిని మొదట దిగిన ఈయూ ఎయిర్‌పోర్ట్‌లో, లగేజీ పెట్టెను చివరి ఎయిర్‌పోర్ట్‌లో చూస్తారు. "ప్రాగ్‌కు లోకల్ ఫ్లైటే కదా, అక్కడ కస్టమ్స్ ఉండదు" అని అనుకోకండి. ఈయూ లోపల ఎక్కించిన పెట్టె ట్యాగ్‌కు అంచుల్లో ఆకుపచ్చ గీతలుంటాయి. హైదరాబాద్‌లో వేసిన ట్యాగ్‌కు ఉండవు. దూరం నుంచే ఆఫీసర్‌కు తెలిసిపోతుంది.

స్విట్జర్లాండ్, నార్వే షెంగెన్‌లో ఉన్నా ఈయూ కస్టమ్స్‌లో లేవు, అక్కడి పరిమితులు వేరు. స్విట్జర్లాండ్ 2025 జనవరి 1 నుంచి పన్ను లేని పరిమితిని 150 ఫ్రాంకులకు తగ్గించింది.

బస్సులో, కారులో దాటేవాళ్లకు రెండు మాటలు. టర్కీ నుంచి బల్గేరియాలోకి వచ్చే కాపిటాన్ అంద్రేవో లాంటి చోట పోలీసు, కస్టమ్స్ ఒకదాని వెంట ఒకటి ఉంటాయి, బల్గేరియా, గ్రీస్, టర్కీ కలిసి నడిపే సంప్రదింపు కేంద్రం కూడా అక్కడే ఉంది. బస్సు కింద డిక్కీలో ఉన్న మీ సంచి మీద మీ పేరు ఉండాలి. ఎవరిదో పొట్లం "కాస్త అక్కడ ఇచ్చెయ్యి తమ్ముడూ" అంటే తీసుకోకండి, ఎంత దగ్గరివాళ్లయినా. అద్దె కారైతే దేశం దాటొచ్చని కంపెనీ ఇచ్చిన కాగితం ఉంచుకోండి, దొంగ కార్ల నంబర్లు కూడా ఎస్ఐఎస్‌లో చూస్తారు. లోపలి సరిహద్దుల్లో కూడా పాస్‌పోర్ట్ జేబులోనే ఉండాలి: జర్మనీ 2024 సెప్టెంబర్ నుంచి తన భూ సరిహద్దులన్నిటిలో తాత్కాలిక తనిఖీలు పెట్టింది.

9. తిరిగి వెళ్లేటప్పుడు

రావడం మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా వెళ్లడం మీద పెట్టరు. మీరు బయటికి వెళ్లినట్టు నమోదు కాకపోతే రికార్డులో ఇంకా లోపలే ఉన్నట్టు, అంటే ఓవర్‌స్టే. ఈఈఎస్‌లో మామూలు రికార్డు 3 ఏళ్లు ఉంటుంది, ఎగ్జిట్ నమోదు కాకపోతే 5 ఏళ్లు. కౌంటర్ దాటాక ఒక్క క్షణం ఆగి, నమోదైందా అని అడగండి. ఇంటికి చేరాక బోర్డింగ్ పాస్, ఇండియా ఇమిగ్రేషన్ వేసిన అరైవల్ ముద్ర పేజీ ఫొటో తీసి దాచండి. మీరు షెంగెన్ బయట ఉన్నారని చూపడానికి వీటిని ఒప్పుకుంటారు.

దేశం విడిచి వెళ్లమని ఎప్పుడైనా ఆర్డరు అందుకున్నవాళ్లు (వీసా రెన్యువల్ రిజెక్ట్ అయిన స్టూడెంట్లలో ఇది కనిపిస్తుంది) ఇంకా జాగ్రత్త. 2023 మార్చి 7 నుంచి అలాంటి ఆర్డర్లు కూడా ఎస్ఐఎస్‌లోకి ఎక్కుతున్నాయి. వెళ్లేటప్పుడు ఆ ఆర్డరు కౌంటర్‌లో చూపించి, వెళ్లినట్టు నమోదు చేయమని అడగండి. దాచిపెట్టి నిశ్శబ్దంగా వెళ్లిపోతే, మూడేళ్ల తర్వాత ఇంకో దేశానికి ఉద్యోగం మీద వస్తున్నప్పుడు అది మీ దారికి అడ్డంగా నిలబడుతుంది.

10. మీ గురించి ఏం రాసి ఉందో తెలుసుకోవడం

ఒకసారి పక్క గదికి పిలిచినవాళ్లు, ఎక్కడైనా నిరాకరణ వచ్చినవాళ్లు, కారణం తెలియకుండా వీసా ఆగినవాళ్లు ఇది చేయండి. ఎస్ఐఎస్‌లో మీ గురించి ఏముందో అడిగే హక్కు ఇండియా పౌరులకూ ఉంది. ఏ షెంగెన్ దేశానికైనా రాయొచ్చు, ఫీజు లేదు. జర్మనీకైతే వీస్‌బాడెన్‌లో ఉన్న ఫెడరల్ క్రిమినల్ పోలీసు ఆఫీసుకు, దాన్నే బీకేఏ అంటారు. పేజీ మించని లెటర్: పూర్తి పేరు, పాత పేరు ఉంటే అదీ, పుట్టిన తేదీ, ఊరు, జాతీయత, ఎస్ఐఎస్‌లో నా గురించి ఉన్న సమాచారం ఇవ్వండి అనే వాక్యం, చేతి సంతకం, పాస్‌పోర్ట్ ఫొటో పేజీ కాపీ. ఏజెంట్‌కు డబ్బులివ్వకండి, ఇందులో ఏజెంట్ చేసేది ఏమీ లేదు.

మామూలుగా నెలలోపు జవాబు రావాలి. మీ గురించి ఏమీ లేదని వస్తే, పాత చిక్కు పేరు కలవడం వల్లే అయ్యుండొచ్చు. కొన్ని పోలీసు విషయాలు చెప్పకుండా ఉంచే అధికారం వాళ్లకు ఉందని మాత్రం గుర్తుంచుకోండి. అలర్ట్ ఉందని వస్తే ఏ దేశం పెట్టిందో, ఎందుకో చూసి, తప్పయితే తీసేయమని రాయండి, ఆధారాలు జత చేయండి. కుదరదంటే ఆ దేశపు డేటా రక్షణ సంస్థకు ఫిర్యాదు, ఆ తర్వాత కోర్టు. మీ పేరును ఇంకెవరో వాడుకున్నారని తేలితే, మీరు వేరే మనిషని తెలిపే వివరాలు, మీ ఒప్పుదలతో, ఆ రికార్డుకే చేర్చమని అడగొచ్చు.

ఆ జవాబు కాగితం పాస్‌పోర్ట్ కవర్‌లోనే ఉంచండి. పైన చెప్పిన మా ఊరి కుర్రాడు పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు సరిచేయించుకుని, ఈ లెటర్ కూడా తెప్పించుకున్నాడు. రెండోసారి వచ్చినప్పుడు కౌంటర్‌లో ఆఫీసర్ స్క్రీన్ వైపు కాసేపు చూసి తల ఎత్తగానే, అడగకముందే ఆ కాగితం గాజు కింద నుంచి లోపలికి జరిపాడు.